మారోతి అనే క్రైస్తవుడు

"పేరు?"

"మారోతి."

"బాపు పేరు?"

"పోచన్న."

"ఊరు?"

"గోకుంద. కిన్వట్‌కు ఆనుకొనే ఉంటది."

వనమాల తలెత్తలేదు. టైపు మిషను మీద ఆమె వేళ్ళు టకటకమని పరుగెత్తాయి. మతం అనే గడి దగ్గర ఆగి అడగాల్సిన పని ఆమెకు కనబడలేదు. హనుమంతుడి పేరు పెట్టుకున్నవాణ్ణి పట్టుకుని నీ మతమేమిటని అడిగేంత తీరిక ఆ నాందేడ్ కచేరీలో ఎవరికీ లేదు. 'హిందూ' అని కొట్టి, కాగితం లాగి, కిటికీ అవతలికి తోసింది.

అవతలి మనిషి కాగితాన్ని పైనుంచి కిందికి చదివాడు. మళ్ళీ చదివాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు.

"బాయీ, గిది తప్పు పడ్డది."

"ఏది?"

"మతం. క్రిస్టియన్ అని ఉండాలె."

అప్పుడు తలెత్తింది. ఎదురుగా పాతికేళ్ళు దాటిన పొడుగాటి మనిషి. జుట్టులోంచి వాన నీళ్ళు కారి కౌంటరు మీద పడుతున్నాయి. గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీసు. ముఖంలో మాత్రం ఏ తొందరా లేదు.

"పేరేమో మారోతి, మతమేమో క్రిస్టియనా? పరాష్కాలు ఆడుతున్నవా?"

"పేరు పెట్టినప్పుడు నన్నెవ్వరు అడగలే బాయీ. బాప్తిస్మం ఇచ్చినప్పుడు అడిగిన్రు. నేను సరే అన్న."

వరసలో ఎవరో నవ్వారు. వనమాలకు ఒళ్ళు మండింది.

"ఇంటున్నవా? కండక్టరు కొలువుకు అర్జు పెడ్తున్నవు. హిందూ అని ఉంటెనే నీకు రిజర్వు సవలత్. క్రిస్టియన్ అని కొడితే గా సవలత్ పాయె. పెద్ద పెద్ద సదువులోళ్ళ నడుమ పడి కొట్టుకపోతవు. ఎర్కేనా?"

"ఎర్కే."

"ఎర్కుండి గుడ కొట్టమంటవా?"

"కొట్టున్రి."

ఆమె కొత్త కాగితం ఎక్కించి, ఒక్కొక్క అక్షరాన్నీ పేను నలిపినట్టు నొక్కి కొట్టింది. అతను అందుకుని, ఆరబెడుతున్నట్టు గాలిలో ఊపాడు.

"మంచిగ పడ్డయి బాయీ, మీ అచ్చరాలు."

"అచ్చరాలు నాయి కావు. మిషనుయి. నడువ్."

బడాయి అనుకుంది వనమాల. వట్టి బడాయి.

ఆ తిరస్కారం ఆమెకు మూడేళ్ళ కచేరీ కొలువులో అబ్బింది. 1971లో చేరింది. అప్పటినుంచి, రైల్వే గేటు పక్కనున్న తమ తెలుగు చర్చిలో ఆదివారం చేతులెత్తి స్తోత్రాలు పాడినవాళ్ళు సోమవారం పొద్దున ఈ కిటికీ ముందుకొచ్చి, గొంతు తగ్గించి, "హిందూ అని కొట్టు బిడ్డా" అనడం చూస్తూనే ఉంది. వాళ్ళకు ఆమె మనసులో ఒక పేరు పెట్టింది: సోమవారం హిందువులు. వాళ్ళు వంగి నమస్కారం పెడితే పెదవి విరిచేది. ఇప్పుడు ఇదొక కొత్త రకం దాపురించింది. సోమవారం కూడా క్రైస్తవుడే! ఉద్యోగం పోతుందని తెలిసీ క్రైస్తవుడే! ఇది భక్తి ఎలా అవుతుంది? నలుగురిలో నిలబడి చేసే తమాషా కాకపోతే?

*

ఆ ఆదివారం చర్చిలో చివరి బెంచీ మీద అతను కనబడ్డాడు. గోకుంద నుంచి పని కోసం నాందేడ్ వచ్చాడట. రెండేళ్ళ కరువులో ఊరూరా వేసిన బోరు పంపులు బాగుచేసే కంట్రాక్టరు దగ్గర ఫిట్టరుగా ఉన్నాడట. ప్రసంగం మొదలైన పది నిమిషాలకే గోడకు తల ఆనించి, నోరు తెరిచి, హాయిగా నిద్రపోయాడు.

'ఇదీ సంగతి' అనుకుంది వనమాల సంతోషంగా. కాగితం మీద క్రైస్తవుడు, బెంచీ మీద కుంభకర్ణుడు.

ప్రసంగం చేస్తున్నవాడు ఇమ్మానుయేల్. పాస్టరు కాదు గానీ, పాస్టరయ్య మెతకమనిషి కావడంతో ముప్పాతిక పాస్టరు తానే అయ్యాడు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల బూట్లు, చంకలో జిప్పు వేసిన వేదపుస్తకం. పుట్టింది బిలోలి దగ్గర పల్లెలో. మాట్లాడేది మాత్రం సభల్లో ప్రసంగించే దొరల తెలుగు. సంతలో ఉల్లిగడ్డలు బేరం చేసినా "సహోదరుడా, ఇది అన్యాయము కాదా" అంటాడు.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర వనమాలను ఆపాడు.

"సహోదరీ, నిన్న ప్రార్థనలో ప్రభువు నీ ముఖమును నాకు చూపించెను."

"ప్రార్థనల కండ్లు మూసుకుంటరు గద. ఎట్ల కనబడ్డది?"

"ఆత్మనేత్రములతో."

"గవ్విటికి గుడ అద్దాలు పెట్టించున్రి. గల్లీల పక్కపొంటి పోయినా నన్ను గుర్తుపట్టరు మీరు."

ఇమ్మానుయేల్ చిరునవ్వు చెక్కుచెదరలేదు. ఆ నవ్వు ఇస్త్రీ చేసిన నవ్వు. ఇంతలో వెనక నుంచి కళ్ళు నులుముకుంటూ మారోతి వచ్చాడు.

"కొత్త సహోదరుడా, నీ నామధేయము?"

"మారోతి."

ఇమ్మానుయేల్ ముఖంలో వేపకాయ కొరికినంత బాధ. "అది అన్యుల పేరు. నేటి నుండి నిన్ను మార్టిన్ అని పిలిచెదము."

"పిలువున్రి. నేను పలుక."

వనమాలకు నవ్వొచ్చింది. వెంటనే ఆ నవ్వును మింగేసింది. ఈ బడాయిగాడి మాటకు తాను నవ్వడమేమిటి?

ఇంటికి వెళ్ళేసరికి ఆమె తండ్రి దేవిదాస్ మంచి హుషారుగా ఉన్నాడు. రైల్వేలో ముప్పై ఏళ్ళు పట్టాల మీద నడిచి, గ్యాంగు ముకద్దంగా, అంటే మేస్త్రీగా, రిటైరైనవాడు.

"ఇమ్మానుయేల్ అడిగిండు బిడ్డా. నేను సరే అన్న. మందు ముట్టడు, బీడీ ముట్టడు. గీసారి మున్సిపాలిటీకి నిలవడ్తుండు. మెంబరు పెండ్లామైతవు."

"నిద్రల గుడ ఆమెన్ అంటడు బాపూ గాయన."

"అంటె మంచిదే గద!"

వనమాల వాదించలేదు. కాదని చెప్పడానికి ఇంకొక మనిషి అంటూ ఉండాలి కదా. ఆమె లెక్కలో మనుషులంతా ఒక గంపలో పుచ్చు వంకాయలే. ఏది ఏరుకుంటే ఏముంది?

*

శ్రావణంలో ఒక సాయంత్రం కచేరీ వదిలాక ఒక్కసారిగా వాన దంచింది. వజీరాబాద్ బజారులో ఒక మిరపకాయ భజియాల దుకాణం చూరు కింద వనమాల ఇరుక్కుపోయింది. పావుగంటకు అదే చూరు కిందికి ఒక సైకిలూ, దానికి కట్టిన ఇనుప రాడ్లూ, వాటి వెనక మారోతీ చేరారు.

"బాయీ! మిషను తోడుకు రాలేదా?"

"వానల తడుస్తదని ఇంట్ల పెట్టిన."

"గట్లనే మీ కోపం గుడ పెట్టి రాకపోయిన్రా?"

ఆమె ముఖం తిప్పుకుంది. చూరు చిన్నది. ఎటు తిప్పినా మనిషి అక్కడే ఉన్నాడు. అతను రెండు పొట్లాల భజియాలు కొని ఒకటి ఆమె ముందుకు చాపాడు. వద్దనబోయింది. వేడి పొగ ముక్కుకు తగిలింది. తీసుకుంది.

"కండక్టరు లిస్టు అచ్చిందా?"

"అచ్చింది. నేను రాలే."

"నేను చెప్పలేదా? ఇప్పుడు సంబురమేనా? నలుగుర్ల పెద్ద భక్తుడివైతివి."

"నలుగురు ఎక్కడున్నరు బాయీ? గా దినం నా ఎనక ఉన్నోళ్ళు తిట్టిన్రు. ముందున్నది మీరు, మీరు గుడ తిట్టిన్రు."

వాన రోడ్డు మీద ఎర్రగా పారుతోంది.

"మరెందుకు రాయించినవు? నిజం చెప్పు."

అతను మిరపకాయ కొరికి కాసేపు నమిలాడు.

"మా బాపు కలరా అచ్చి పోయిండు. నాకు పదేండ్లు. శవాన్ని ముట్ట ఒక్కడు రాలే. మా కులపోళ్ళు గుడ తలుపులు పెట్టుకున్రు. ఎవ్వరు చెప్పిన్రో ఏమో, ఒక ముసలి పాస్టరు వానల ఏడు మైళ్ళు నడిచొచ్చిండు. నేను, మా అవ్వ, గాయన. గాయననే గుంత తవ్విండు, గాయననే బాపును ఎత్తిండు. మతంల కలువున్రి అని ఒక్క మాట అనలే. తెల్లారి ఎల్లిపోయిండు. మేమే ఎంబడి పోయినం. పేరు మార్చాల్నా అని అవ్వ అడిగితే, 'ఉండనియ్యి, దేవుడు తికమక పడడు' అన్నడు."

"అయితే?"

"అయితే ఏముంది? గా గడిల హిందూ అని రాస్తే, గా ముసలాయన నాకు ఏం కాడు అని రాసినట్టు అనిపించింది. చెయ్యి రాలే. గంతే."

వాన కొంచెం తగ్గింది. వనమాల తగ్గలేదు.

"అంటే హిందూ అని రాయించుకునేటోళ్ళందరు దొంగలన్నట్టు. నువ్వొక్కనివే అసలు."

మారోతి ఆశ్చర్యంగా చూశాడు. "నేనెప్పుడన్న? నాకు ముందు ఎనక ఎవ్వరు లేరు బాయీ, అవ్వ గుడ పోయింది. ఉపాసమున్నా నేనొక్కన్నే. చర్చి ఊడ్చే శివవ్వ లేదా? మొగడు పోయిండు. బిడ్డను ముఖేడ్ సర్కారు హాస్టలుల ఉంచి సదివిస్తుంది. హిందూ అని దాఖ్లా తియ్యకపోతే గా హాస్టలు లేదు, గా సదువు లేదు. గామెను దొంగ అంటరా ఎవ్వరన్న? గామె కాళ్ళు మొక్కుత నేను."

మూడేళ్ళుగా పదిలంగా పెంచుకున్న తిరస్కారం ఆమె చేతిలో ఒక్కసారిగా జారింది. అది పోయి పడాల్సిన చోటు ఒకటే మిగిలింది. తన సర్వీసు పుస్తకంలో మతం దగ్గర ఏముందో వనమాలకు తెలుసు. ఈ కొలువు కోసం తండ్రి రాయించాడు, తాను సంతకం పెట్టింది. సోమవారం హిందువుల్లో మొట్టమొదటిది తానే. తనకు శివవ్వకున్న అవసరం కూడా లేదు.

చెబుదామని నోరు తెరిచింది. "భజియాల ఉప్పు ఎక్కువైంది" అంది.

"నాకు చప్పగున్నయి" అన్నాడు మారోతి, ఆమె పొట్లంలోంచి ఒకటి తీసుకుని రుచి చూస్తూ. "లేదు, మీయి మంచిగున్నయి."

వాన వెలిసినా ఇద్దరూ చూరు కిందే కాసేపు నిలబడ్డారు. వెలిసిందని ముందు ఎవరు చెప్పాలో ఎవరికీ తెలియలేదు.

*

ఎన్నికల అర్జీలు మొదలయ్యాయి. రిజర్వు వార్డుకు నిలబడేవాళ్ళ పేర్ల జాబితా టైపు చేయడం వనమాల వంతు. నాలుగో కాగితం చేతిలోకి తీసుకుంది. పేరు: నాగనాథ్ గంగారాం. మతం: హిందూ. ఎవరో అనుకుంది. చిరునామా చదివాక వేళ్ళు ఆగిపోయాయి. రైల్వే గేటు, చర్చి వెనక గల్లీ.

తల తిప్పితే, వరండాలో తెల్ల బూట్లు.

ఇమ్మానుయేల్ నాలుగడుగులు వేసి కిటికీ దగ్గరికి వచ్చాడు. సిగ్గు అనేది ఆ ముఖానికి అద్దెకు కూడా రాలేదు.

"నాగనాథ్ గారా?" అంది వనమాల.

"అది లోకసంబంధమైన కాగితము సహోదరీ. హృదయమును ప్రభువు ఎరుగును."

"ప్రభువుకు హృదయం చూపిచ్చి, సర్కారుకు కాయితం చూపిస్తున్నరు. మరి శివవ్వకు ఏం చూపిస్తరు? వచ్చే ఆదివారం గామె మీద తీర్మానం పెడ్తున్నరంట?"

సంగతి ఇది. పై సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. సర్కారు దాఖ్లా కాగితాల్లో మతం దాచినవాళ్ళు ఎవరైనా ఉంటే విచారించి రాయమని. ఇరవై ఏడు ఇళ్ళ ఆ చిన్న సంఘంలో ఏ గోడ తట్టినా ఒక పేరు రాలుతుంది. కానీ పంపడానికి దిక్కులేని పేరు కావాలి. అలాంటిది ఒక్కటే దొరికింది.

"సంఘము పవిత్రముగా ఉండవలెను గదా" అన్నాడు ఇమ్మానుయేల్. తర్వాత గొంతు తగ్గించాడు. గొంతు తగ్గగానే దొరల తెలుగు జారిపోయి, బిలోలి తెలుగు బయటపడింది. "గిదంత నీకెందుకు? నీ సర్వీసు బుక్కుల ఏమున్నదో మీ బాపు నాకు చెప్పిండు. నేను అడిగిన్నా? ఊకో. రేపు ఆలుమొగలమైతం. నీది నేను కప్పుత, నాది నువ్వు కప్పు."

వనమాల తల దించుకుని నాలుగో పేరు టైపు చేసింది. జాబితా సాయంత్రానికి నోటీసు బోర్డు మీదికి ఎక్కింది. అది మరాఠీలో ఉంది, నాగనాథ్ అని ఉంది. చర్చివాళ్ళు ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

*

ఆ ఆదివారం ప్రభురాత్రి భోజన సంస్కారం ఇచ్చే రోజు. బల్ల మీద రొట్టె, ద్రాక్షరసం, తెల్లటి గుడ్డ. పాస్టరయ్య బల్ల వెనక నిలబడి తన వేళ్ళు తానే చూసుకుంటున్నాడు. ఇమ్మానుయేల్ ముందుకొచ్చి తీర్మానం చదివాడు. శివవ్వ అనే విధవరాలు ప్రభుత్వం ముందు ప్రభువును ఎరుగనని అబద్ధ దాఖలా తీసుకున్నందున, ఆమెను ఏడాది పాటు సంస్కారానికి దూరంగా ఉంచాలి.

శివవ్వ చాప మీద కూర్చుని ఉంది. పొద్దున తాను ఊడ్చిన నేలనే చూస్తోంది.

"నిజమైన క్రైస్తవునికి గుర్తు ఏమి?" ఇమ్మానుయేల్ గొంతు కప్పుకు తగిలింది. "ఇదిగో, మన మధ్యనే ఉన్నాడు! సహోదరుడు మార్టిన్! కొలువు పోయినను లెక్కచేయక, కాగితము మీద క్రైస్తవుడనని వ్రాయించుకొనెను! సహోదరుడా, లేచి నిలువుము!"

చివరి బెంచీ మీద మారోతి ఈసారి నిద్రపోవడం లేదు. లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నా కాయితం తీసుకొని శివవ్వ నెత్తి మీద కొడ్తరా?" అన్నాడు. మెల్లగానే అన్నాడు. "గందుకు రాయించుకోలే నేను. గట్లైతే నాకు గుడ సంస్కారం వద్దు." బెంచీలు దాటి నడిచొచ్చి శివవ్వ పక్కన చాప మీద కూర్చున్నాడు.

గుసగుసలు లేచాయి. ఇమ్మానుయేల్ ఇస్త్రీ నవ్వు నవ్వాడు. "యౌవనపు ఆవేశము. తీర్మానమునకు ఒప్పుకొనువారు చేతులెత్తండి."

చేతులు లేచాయి. ఒక్కొక్కటే. సోమవారం కిటికీ ముందు నమస్కారం పెట్టిన చేతులే. వాటిలో తన తండ్రి చేయి కూడా ఉందని వనమాల చూసింది. ఆ చేయి పైకి వెళ్ళింది గానీ, మోచేయి దగ్గరే ఆగిపోయింది.

ఆమె లేచింది. బెంచీ పట్టుకుంది.

"నాది గుడ హిందూ అనే ఉన్నది."

తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

"నా సర్వీసు బుక్కుల. సంతకం నాదే. శివవ్వను తీసేస్తే ముందు నన్ను తియ్యున్రి. నాకు హాస్టలు బిడ్డ గుడ లేదు, వట్టి ఆశ. ఇంకొక మాట. గిప్పుడు చేతులెత్తినోళ్ళ దాఖ్లాలు ఎవ్వరు టైపు చేసిన్రో జెర యాద్ చేసుకోన్రి. నేను ఒక్కరి పేరు గుడ చెప్ప. ఎవ్వరి ఇంట్ల పొయ్యి ఎట్ల మండుతదో నాకేం ఎర్క? కాని రిజర్వు వార్డుల నాలుగో నంబరు ఎవ్వరిదో మాత్రం కచేరీ బయట బోర్డు మీదనే ఉన్నది. గది దాచిన కాయితం కాదు, సదువొచ్చినోళ్ళు పోయి సదువుకోన్రి."

చేతులు దిగిపోయాయి, ఎండకు వాలిన ఆకుల్లాగా. ఇమ్మానుయేల్ నోరు తెరిచాడు. జీవితంలో మొదటిసారి ఆ నోట్లోంచి ఏ భాషా రాలేదు.

అప్పుడు శివవ్వ తలెత్తి, పాస్టరయ్యను చూసి, ఇంట్లో పిల్లలకు చెప్పినట్టు అంది: "అయ్యగారూ, రొట్టె ఆరిపోతున్నది."

పాస్టరయ్య పళ్ళెం తీసుకుని, ముందు వరసలన్నీ దాటి, చాప దగ్గరికి వచ్చి, వంగి, మొదటి ముక్క శివవ్వ చేతిలో పెట్టాడు. రెండోది మారోతికి ఇచ్చాడు. మూడోదానికి వనమాల చాప దగ్గరికి వచ్చి చేయి చాపింది. మారోతి ఆమె వైపు చూడలేదు. చూసి ఉంటే ఆమె ఏడ్చేది, అది తెలిసినట్టే చూడలేదు.

*

మరునాడు ఆమె మతం దిద్దమని అర్జీ, దానికింద రాజీనామా కలిపి ఇచ్చింది. హెడ్ క్లర్కు దిగంబర్‌రావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పోరీ, పిచ్చి లేసిందా? నిన్నెవ్వరన్న అడిగిన్రా?"

"లేదు సాహెబ్."

"మరి?"

"ఎవ్వరు అడగకముందే చెప్తెనే గద, చెప్పినట్టు."

ఆయన కాగితం తీసుకున్నాడు. ఇంత మంచి టైపిస్టు మళ్ళీ దొరకదని మరాఠీలో తిట్టుకున్నాడు. వజీరాబాద్‌లో తనకు తెలిసిన టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చీటీ రాసిచ్చాడు.

ఇమ్మానుయేల్ సంగతి చెప్పాలంటే, ఆయన గెలిచాడు. మునిగిపోతాడనుకున్నవాళ్ళు ఆయన బరువును తప్పుగా అంచనా వేశారు. బెండు ఎక్కడైనా మునుగుతుందా? మెడ నిండా దండలతో చర్చికి వచ్చి, ముందు బెంచీలో కూర్చుని, కృతజ్ఞతా ప్రార్థన చేయించుకున్నాడు. మొన్న చేతులు దించుకున్నవాళ్ళే ఆయనకు చోటిచ్చారు. మెంబరు కదా, గల్లీకి నల్లా రావాలి కదా! ప్రభువు తనకు ఇప్పుడు వేరొక ముఖమును చూపించెనని దేవిదాస్‌కు కబురు పంపాడు. ఆ ముఖం నిజామాబాద్‌లో ఒక కంట్రాక్టరు కూతురిదట.

దేవిదాస్ రెండు వారాలు కూతురితో మాట్లాడలేదు. మూడో వారం అన్నం ముందు కూర్చుని అన్నాడు:

"తప్పు నాదే బిడ్డా. రాయించింది నేను. చెయ్యెత్తింది గుడ నేనే."

"సగమే ఎత్తినవు బాపూ. చూసిన."

ఆయన అన్నం కలిపాడు. "గా పంపుల పిల్లగాడు ఎట్ల? మల్ల కనబడలే."

"కుండల్‌వాడి దిక్కు పోయిండంట పని మీద. ఒక మాట గుడ చెప్పకుండ పోయిండు. గాయన ఎట్లైతే నాకేంది?"

"నేనేం అడగక ముందే గంత కోపమెందుకు? మనిషి మంచోడే అనిపిచ్చిండు. పేరే జెర... మారోతి. నలుగురేమంటరు?"

"నీ పేరు దేవిదాస్. ఏ దేవికి దాసునివి నువ్వు?"

దేవిదాస్ యాభై ఎనిమిదేళ్ళలో ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించాడు. పొలమారేదాకా నవ్వాడు.

*

కుండల్‌వాడి దాటాక జీపు, మారోతిని వెతుక్కుంటూ బయలుదేరిన తండ్రీకూతుళ్ళను ఒక పల్లె మొగదల దింపింది. సన్నటి తుంపర. పంపు చుట్టూ ఆడవాళ్ళు బిందెలతో నిలబడి ఉన్నారు. నడుమ మోకాళ్ళ మీద మారోతి, ఒళ్ళంతా బురద. పంపు తల ఊడదీసి, బోరులోంచి పైకి లాగిన పైపును రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. వనమాలను చూశాడు. ముఖం వెలిగింది. కానీ లేవలేదు.

"సూడు, మర్యాద గుడ లేదు" అంది వనమాల తండ్రి చెవిలో.

"పెద్దయ్యా!" అరిచాడు మారోతి. "జెర గా పానా పట్టుకోన్రి! నా తోడు మనిషికి జొరమచ్చింది. ఇడిస్తే పైపులన్నీ బోరుల పడ్తయి!"

దేవిదాస్ కోటు విప్పలేదు, చెప్పులు విప్పలేదు. ముప్పై ఏళ్ళ గ్యాంగు పని ఆయన కాళ్ళను ముందుకు తోసింది. బురదలో దిగి పానా అందుకున్నాడు. మారోతి కొత్త వాషరు తొడగడం మొదలుపెట్టాడు. ఆయన ఆ చేతుల పని చూస్తున్నాడు. తొందర లేదు, తప్పు లేదు. ముకద్దం కళ్ళకు నచ్చాల్సిందంతా అక్కడే ఉంది.

"పని ఇడిసి లేవలే. మంచిగున్నది" అని గొణుక్కున్నాడు.

బిందె చంకనెత్తుకున్న ముసలమ్మ అడిగింది: "ఎవ్వరయ్యా వీళ్ళు? మీ చుట్టాలా?"

"పానా పట్టుకున్నాయన మా మామ" అన్నాడు మారోతి తల ఎత్తకుండా.

వనమాల భగ్గుమంది. "ఎవ్వరికి మామ? నన్ను అడిగినవా? రెండు నెలలైంది. చెప్పకుండ పారిపోయి, ఇప్పుడు మామంట!"

"అడుగుదామనే ఉంటి. కచేరీల కొలువున్న పిల్లవు. నాకేమున్నది, గీ పానా తప్ప? భయమైంది."

"నాకు గుడ కొలువు లేదు. రాజీనామా ఇచ్చిన."

మారోతి చేతులు ఆగిపోయాయి. "ఎందుకిచ్చినవు? నేను అడిగిన్నా? నా ఎంబడి పడి నువ్వెందుకు—"

"ఏయ్! నీ కోసం ఇచ్చిన అనుకుంటున్నవా? గంత పొగరు వద్దు. రాజీనామా నా కోసం ఇచ్చుకున్న." ఆమె కొంగుతో ముఖం మీది తుంపర తుడుచుకుంది. "జీపుల అచ్చింది నీ కోసం."

బిందెల ఆడవాళ్ళు గొల్లుమన్నారు. మారోతి వాషరు పట్టుకుని అట్లాగే చూస్తుండిపోయాడు. గ్రీసు ముఖంలో పళ్ళు మాత్రమే తెల్లగా కనబడుతున్నాయి.

"అయితే అడుగుతున్న. నన్ను చేసుకుంటవా?"

"ఆలోచించాలె."

"ఎంతసేపు?"

"బిడ్డా!" దేవిదాస్ మూలిగాడు. చెంపల మీదుగా వాన కారుతోంది, చేతుల నరాలు ఉబ్బాయి. "నాకు సమ్మతమే. పిల్లగాడు నాకు నచ్చిండు. కాని చేతులు గుంజుతున్నయి. జల్ది చెప్పు, ఊరికి నీళ్ళు లేకుండ పోతయి."

వనమాల చీర చెంగు నడుముకు చుట్టి, బురదలోకి దిగి, తండ్రి చేతుల పక్కన తన చేతులు కూడా పానా మీద వేసింది.

"ఒప్పుకున్న బాపూ," అంది. "నువ్వు మాత్రం జెర గట్టిగ పట్టుకో."